సర్కారు సొమ్ము పల్లెకు వచ్చు త్రోవ



మా విడవలూరు పెన్నకు ఉత్తరపు వైపున, సముద్రమునకు చేరువగా నున్న యూరు. సంగము వద్ద మళ్లించిన పెన్ననీరు కనిగిరి జలాశయమునకు వచ్చి, అటనుండి పెద్దకాలువలలోనికిని, చిన్నకాలువలలోనికిని, పిదప పిల్లకాలువలలోనికిని పాఱి మా మడులకు చేరును. మేము కాలువ తుద నున్నవారము. తలకాడ నున్న యధికారి తూము ఎంత యెత్తు లేపినదియు లెక్క వ్రాసికొనును. తుదనున్న రైతు తన మడిలో నీరు నిలిచినదా యని చూచుకొనును. ఇద్దఱును నిజమే చెప్పుదురు. కాని యీ రెండు నిజములకు నడుమ ఎన్నియో మైళ్ల కాలువ యున్నది.

నేడు నేను నీటిని గుఱించి మాటలాడుటకు రాలేదు. దేశమునకు కష్టకాలము వచ్చినప్పుడు, కుంటుపడిన వ్యాపారమును, వ్యవసాయమును లేవనెత్తుటకై ప్రభుత్వమువారు విడుచు ధనమును గుఱించి చెప్పదలచితిని. అది యే తూములనుండి దిగును, ఏ పిల్లకాలువ పట్టును, ఎవరి మడికి చేరును, ఎవరి మడికి చేరకయే పోవును? ఇదియే నా ప్రసంగ విషయము. మా యూరి పెద్దాయన యొకడు వేసిన లెక్క నన్నీ విచారణకు పురికొల్పినది గనుక, దానితోనే యారంభించెదను.

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి దేశమంతట రాకపోకలు నిలిచిపోయిన సంగతి మీరెఱుగుదురు. ఆంధ్రప్రదేశములో కరోనా జాడ్యము మొదట బయటపడినది మన నెల్లూరిలోనే, ఆ నెల 12వ తేదీన. అవి మా ప్రాంతమున వరికోతల దినములు. కోతయంత్రము లొకచోట, వానిని నడుపువారొకచోట, వడ్లు కొనువారు మఱియొకచోట నిలిచిపోయిరి. అట్టి తరుణమున మే నెల 12వ తేదీ రాత్రి ప్రధానమంత్రిగారు ఇరువది లక్షల కోట్ల రూపాయల సహాయపథకమును ప్రకటించిరి. దేశపు సాలు ఆదాయములో నది యించుమించు పదవవంతని చెప్పిరి. మఱునాటినుండి అయిదు దినములు ఆర్థికమంత్రిణి నిర్మలా సీతారామన్‌గారు దాని వివరములు చదివి వినిపించిరి.

మా పెద్దాయన అయిదవ తరగతివఱకు చదివినవాడు. గుణకార భాగహారములలో నిప్పటికిని పొరపడడు. ఇరువది లక్షల కోట్లను దేశజనాభా నూటముప్పది కోట్లచే భాగించి, తలకు పదునైదువేల నాలుగువందల వఱకు వచ్చునని తేల్చెను. తేల్చి నా యింటికి వచ్చి, "అయ్యా, మా యింట్లో అయిదుగురం. లెక్క ప్రకారం డెబ్బై ఏడు వేలు రావాల. యాడుండాయి?" అని యడిగెను.

పరిహాసమునకు అడిగినాడనుకొంటిని. కాని యాయన ముఖమున నవ్వు లేదు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ముందు, ఇట్టి ధనమును ప్రభుత్వమువారు అసలేల విడువవలయునో రెండు మాటలలో చెప్పెదను. మా యూరిలో కోతలు ఆగినవనుకొనుడు. కూలివాని చేతిలో డబ్బుండదు. అందుచేత చిల్లరయంగడిలో బేరము తగ్గును. అంగడివాడు నెల్లూరినుండి సరకు తెప్పింపడు. సరకుబండి తోలువానికి కిరాయి యుండదు. అతడు బిడ్డకు గుడ్డలు కుట్టింపడు గనుక కుట్టుపనివాడు పస్తుండును. ఒకని ఖర్చు మఱియొకని రాబడి. అందఱును ఒక్కమాఱు చేయి ముడుచుకొన్నచో ఎవరికిని రాబడి యుండదు. అట్టి వేళ చేయి విప్పదగినవాడు ప్రభుత్వ మొక్కటియే. ఇంగ్లండు దేశపు కీన్స్ పండితుడు 1936లో ప్రకటించిన గ్రంథమున దీనినే విపులముగ వాదించెను. అమెరికాలో 2020 మార్చిలో చట్టము చేసి, ఒక మితికి లోబడిన ఆదాయము గల పెద్దవారికి తలకు 1,200 డాలర్లు పంచిరి. మన జిల్లానుండి పోయి అచ్చట స్థిరపడిన కుటుంబములు కొన్ని ఆ సొమ్ము అందుకొన్నవి.

ఇందులో నొక కిటుకు కలదు. పస్తున్నవాని చేతిలో పడిన రూపాయి సాయంకాలమునకు అంగడి చేరును. నిండుగ నున్నవాని చేతిలో పడిన రూపాయి బ్యాంకులో నిదురించును. కావున ఎంత విడిచిరనునది యొక ప్రశ్న కాగా, ఎవరికి విడిచిరనునది అంతకంటె పెద్ద ప్రశ్న. దానధర్మముల మాట యటుంచినను, పథకము ఫలించుటకే యిది ముఖ్యము.

ఇక పెద్దాయన లెక్కకు వత్తును. ప్రభుత్వమువారు చివరకు చూపిన మొత్తము 20,97,053 కోట్లు. ఇందులో ఎనిమిది లక్షల కోట్లకు పైబడిన భాగము రిజర్వు బ్యాంకువారు బ్యాంకులకు అప్పు తేలికగ దొరకునట్లు చేసిన యేర్పాట్లు. అది యెవరికిని ఇచ్చిన సొమ్ము కాదు. అప్పు పుట్టుటకు వీలు కల్పించుట. మూడు లక్షల కోట్లు చిన్న, నడితరపు పరిశ్రమలకు బ్యాంకులు ఇచ్చు అప్పులకు ప్రభుత్వము పడిన జామీను. మీరు మీ మేనల్లుని అప్పునకు లక్ష రూపాయల జామీను పడితిరనుకొనుడు. మీరు లక్ష ఇచ్చినట్లా? అతడు తీర్చినచో మీకు పైసా ఖర్చు లేదు. ఎగవేసినప్పుడే మీ కొంపకు వచ్చును. రెండు లక్షల కోట్లు కిసాన్ క్రెడిట్ కార్డుల మీద రైతులకును, పాడివారికిని, మత్స్యకారులకును ఇచ్చెడి రాయితీ యప్పు. అప్పు మంచిదే, వడ్డీవ్యాపారి వాకిట నిలుచుటకంటె ఎంతయో మేలు. అయినను అప్పు అప్పే. తీర్చవలయును.

జామీనును, అప్పును, బ్యాంకుల వెసులుబాటును తీసివేసినచో, నేరుగ పేదయింటి గడప తొక్కిన సొమ్ము ఆ మహాసంఖ్యలో చిన్నపాలు మాత్రమే. దానిలో ముఖ్యమైనవి మార్చి 26వ తేదీననే, అనగా మే నెల ప్రకటనకు ముందే, పేదల కొఱకు చెప్పిన 1,70,000 కోట్ల పథకములోనివి. మే నెలలో దానికి తోడు ఉపాధిహామీ పనులకు మఱి 40,000 కోట్లు చేర్చిరి. జామీనులు వ్యర్థమని నేను చెప్పను. నెల్లూరిలో చిన్న కార్ఖానా మూతపడకుండ నిలిచినచో అందు పనిచేయు మా యూరి కుఱ్ఱవానికిని అన్నము దొరకును. కాని అన్నిటిని ఒక్క సంఖ్యగ కూడి వినిపించినప్పుడు, తుదనున్నవాడు తలల లెక్క వేయుట తప్పు కాదు. కూడినవారిదే తప్పు.

మార్చి పథకములో నేరుగ వచ్చినవి యేవనగా, జనధన ఖాతా గల స్త్రీలకు నెలకు 500 చొప్పున మూడు నెలలు, రేషను కార్డులో పేరున్న ప్రతివానికి నెలకు అయిదు కిలోల ధాన్యము ఉచితము, కుటుంబమునకు కిలో పప్పు, గ్యాసు సిలిండర్లు, పీఎం కిసాన్ క్రింద భూమి గల రైతుకు 2,000. ఈ కడపటిది 2019లోనే యేర్పడిన సాలుకు 6,000 రూపాయల పథకములోని ఒక వాయిదా. ఎటులైనను రావలసినదానిని కొంత ముందుగ విడిచి క్రొత్త మూటలో కట్టిరి. రాష్ట్రప్రభుత్వమువారు ఏప్రిల్‌లో పేదకుటుంబమునకు వేయి రూపాయలు ఇంటికే పంపిరి.

ఇవి యన్నియు ఒకే త్రోవన రావు. బియ్యము రేషను పట్టికను పట్టి వచ్చును. స్త్రీల యైదువందలు జనధన ఖాతాల పట్టికను పట్టి వచ్చినవి. ఖాతా మఱియొక రకమునదైనచో, ఎంత పేదరాలైనను ఆమెకు రాలేదు. మా వీధిలో ఇరుగుపొరుగు ఇద్దఱు స్త్రీలు, ఒకే చేనిలో ఒకే కూలికి పోవువారు. ఒకతెకు వచ్చినది, మఱియొకతెకు రాలేదు. రెండవ యామె తన పేరు ఎవరో కొట్టివేసిరని కొన్నాళ్లు సచివాలయపు ఉద్యోగులను దూషించినది. వారి తప్పేమియు లేదు. ఆమె ఖాతా ఆ పథకము రాకముందు తెరచినది, అంతియే.

ఆధారు సంఖ్య ననుసరించి పంపు సొమ్మునకు మఱియొక చిక్కున్నది. ఒకనికి నాలుగు బ్యాంకులలో ఖాతాలుండవచ్చును. సొమ్ము మాత్రము చిట్టచివర ఏ ఖాతాకు ఆధారు ముడివేయబడినదో దానికే పోవును. నేను చెప్పిన పెద్దాయన కుమారుడు చెన్నపట్టణమున కట్టడపు పనికి పోయినప్పుడు అచ్చట మేస్త్రీ చెప్పగా ఒక ఖాతా తెరచెను. ఊరికి తిరిగివచ్చి ఉపాధిపనికి పోయినాడు. ఇచ్చటి పాసుపుస్తకమున ఒక్క రూపాయియు పడలేదు. రెండు నెలలు తిరిగిన తరువాత ఆ కూలి యంతయు చెన్నపట్టణపు ఖాతాలో భద్రముగ నున్నదని తేలినది. దొంగ లేడు, లంచము లేదు. సొమ్ము వేఱొక పిల్లకాలువలో పాఱినది. మీ యిండ్లలో ఎవరికైన సొమ్ము రాలేదన్నచో, ముందు ఏ ఖాతాకు ఆధారు ముడివడి యున్నదో విచారింపుడు.

పంపకపు చిక్కు నిన్న మొన్న పుట్టినది కాదు. మా తీరము వెంట బకింగ్‌హాము కాలువ యున్నది. ఇప్పుడు చాలచోట్ల పూడి, తుమ్మలు మొలచి యున్నది గాని, మా తాతల నాడు దానిలో పడవలు నడచెడివి. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాక్షామమున, ఆకలిగొన్న జనమునకు పని కల్పించి కూలి యిచ్చుటకై ఆ కాలువను పలుతావుల త్రవ్వించిరి. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టిరి. కష్టకాలమున ప్రభుత్వపు సొమ్మును పనిరూపమున పంచుట యన్నచో మా తీరమున అదియే మొదటి గుర్తు.

ఆనాడును ఎంత యియ్యవలయును, ఎవరికి ఇయ్యవలయును అను తగవే. 1877లో సర్ రిచర్డు టెంపుల్ అను దొర కలకత్తానుండి వచ్చి, ఖర్చు మితిమీఱుచున్నదని యెంచి, పనిచేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయును చాలునని కూలి తగ్గించెను. స్త్రీలకును పిల్లలకును ఇంకను తక్కువ. పౌను అనగా మన లెక్కలో 450 గ్రాములు. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ దొర, ఆ తిండితో మన్ను మోయువాడు బ్రతుకజాలడని గట్టిగ వాదించెను. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. ఆ నడుమ ఎందఱు పోయిరో చెప్పనక్కఱలేదు. పిదప 1880లో క్షామవిచారణ సంఘమువారి నివేదిక వచ్చినది. దానిననుసరించి క్షామశాసనములు పుట్టినవి. పనిచేయలేని ముసలివారికి, రోగులకు ఉచితముగ సహాయమీయవలయునని యందు వ్రాసిరి. అట్టివారి పట్టికను వ్రాయుటలో గ్రామోద్యోగులదే మొదటి చేయి. మునసబు కరణములు ఎవరి పేరు వ్రాసిరో వారికి గంజి.

1984లో కరణీకములు పోయినవి. పిమ్మట ఎందఱెందఱో యుద్యోగులు వచ్చిరి. 2019నుండి గ్రామ సచివాలయములు వచ్చినవి. పట్టిక ఇప్పుడు కంప్యూటరులో నున్నది. పేరు వ్రాయుటకు కాని, తప్పించుటకు కాని యిప్పుడు ఒక్క కరణముగారి యిష్టము చాలదు. ఇది నిజమైన యభివృద్ధి. దీనిని కాదనువాడను కాను. కాని కంప్యూటరు తనకు చెప్పినదే యెఱుగును. పట్టాదారు ఎవరో దానికి తెలియును. దున్నువాడెవడో, ఎవరైనను చెప్పిననే తెలియును.

ఈ విషయమే నాకు ముఖ్యము. కావున కొంచెము విడమరచి చెప్పుటకు సెలవిండు.

పెన్న కాలువల క్రింద పట్టా యొకని పేర నుండి, పొలము మఱియొకడు చేయుట సామాన్యము. పట్టాదారు నెల్లూరిలోనో హైదరాబాదులోనో యుండును. ఊరిలోనే యుండి ముసలితనముచేత చేయలేకపోవచ్చును. కౌలుదారు ఎకరమునకు ఇంతయని ముందే మాటయిచ్చి విత్తనము, ఎరువు, దుక్కి, కూలి, సమస్తము తానే పెట్టును. పంట పోయినచో నష్టము వానిది. కాని పీఎం కిసాన్ నియమముల ప్రకారము సహాయము భూమి గల రైతుకుటుంబమునకే. భూమి లేని కౌలుదారు ఆ పట్టికలో లేనేలేడు. 2019 అక్టోబరు 15వ తేదీన మన జిల్లాలోని కాకుటూరులోనే ఆరంభమైన రైతుభరోసా పథకములో రాష్ట్రమువారు ఈ లోపమును కొంత సరిచేయజూచిరి. పట్టాదారునకు కేంద్రపు 6,000తో చేర్చి సాలుకు 13,500 ఇచ్చిరి. సెంటు భూమిలేని కౌలుదారు షెడ్యూలు కులములవాడో, తెగలవాడో, వెనుకబడిన తరగతివాడో, అల్పసంఖ్యాకుడో యైనచో వానికి 13,500 యంతయు రాష్ట్రపు బొక్కసమునుండియే ఇచ్చిరి. ఇతర కులముల పేద కౌలుదారునకు అదియు లేకపోయెను.

అయితే కౌలుదారుడని రుజువేమి? 2011లో నొక చట్టము చేసి కౌలుదారులకు రుణార్హత కార్డులిచ్చిరి. దాని స్థానమున 2019లో పంటసాగుదారుల హక్కుల చట్టము వచ్చినది. దాని ప్రకారము పదునొకండు నెలలకు చెల్లెడి యొక పత్రము. ఆ పత్రముమీద భూస్వామి సంతకము కావలయును. అచ్చటనే బండి నిలిచిపోవును. 1956నాటి కౌలుచట్టపు తలపు మా ప్రాంతపు పట్టాదారుల మనసులలోనుండి యింకను పోలేదు. సంతకము పెట్టినచో రేపు పొలము తనదనునేమో యని భయము. క్రొత్త పత్రముచేత భూమిమీద కౌలుదారునకు ఏ హక్కును రాదని చట్టమే చెప్పుచున్నను భయము భయమే.

ఈ భయమును నేను పరులకు అంటగట్టి తప్పించుకొనజాలను. నాకు మూడెకరముల మాగాణి కలదు. దానిని నేను దున్నను. నా యింటికి వచ్చి డెబ్బదియేడు వేలు ఎచ్చటనని యడిగిన పెద్దాయనయే దానిని చాలకాలముగ చేయుచున్నాడు. 2020 ఏప్రిల్ నెలలో రెండువేలు పడినవని నా సెల్‌ఫోనునకు సందేశము వచ్చినది. మే 15వ తేదీన రాష్ట్రమువారు మఱి 5,500 వేసిరి. ఆ సందేశములు చూచినప్పుడు నాకు సంతోషమే కలిగినదని ఒప్పుకొనుచున్నాను. ఆ యేడు పెద్దాయన కోతయంత్రము దొరకక పదునైదు దినములు ఆకాశమువంక చూచుచు కూర్చుండెను. నా పేర రైతుభరోసా పడినది. ఆయన పేర ఏమియు పడలేదు. అంతకుముందే కౌలుపత్రము తెచ్చి నా ముందు పెట్టగా, తరువాత చూతమని ప్రక్కన పెట్టియుంటిని. ఆయన వెనుకబడిన తరగతివాడు, సెంటు భూమి లేనివాడు. నేనొక సంతకము పెట్టియున్నచో నాకు పైసా తగ్గకయే ఆయనకు 13,500 రావలసినది.

కౌలుపత్రము ఒక్క సహాయధనమునకే కాదు. పంట నమోదు, అనగా ఈ-పంట యని పిలుచునది, నేడు అన్నిటికి మూలము. తుపానులో పంట పోయినప్పుడు వచ్చు పెట్టుబడి రాయితీయును, ప్రభుత్వపు కొనుగోలు కేంద్రమున వడ్లు అమ్ముకొనుటయు దానిమీదనే యాధారపడును. ఆ యేడు మేలురకము వడ్లకు మద్దతు ధర క్వింటాలునకు 1,835 రూపాయలు. మన నెల్లూరు పుట్టికి 850 కిలోల లెక్కన పదునైదువేల ఆఱువందలకు రెండున్నర రూపాయలు తక్కువ. పంట నమోదులో పేరు లేనివాడు ఆ ధరను వినుటయే గాని పొందుట కష్టము. వచ్చినకాడికి బయట అమ్ముకొనవలయును. ధాన్యము కొనుగోలునకు విడుచు ధనము కూడ ప్రభుత్వము పల్లెలోనికి పంపు ధనమే గదా. అదియు పట్టికను పట్టియే పాఱును.

సముద్రపు వైపు చూచినను ఇదే కథ. మా మండలపు రామతీర్థము మొదలగు తీరగ్రామములవారికి ఏప్రిల్ 15నుండి జూన్ 14వఱకు, అఱువదియొక్క దినములు, చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని వేట నిషేధము. ఆ దినముల భృతి పూర్వము 4,000 యుండగా 2019లో 10,000 చేసిరి, 2025లో 20,000 చేసిరి. మంచి పెంపే. వేట నిలిచిన దినములలో అధికారులు వచ్చి, నిలిపిన పడవలను, వానిమీద పనిచేయువారిని లెక్కించి పట్టిక వ్రాయుదురు. ఆ దినమున ఊరిలో లేనివాడు, పడవ పత్రములు సరిగా లేనివాడు తప్పిపోవును. చేపలు ఎండబెట్టి గంపలో పెట్టుకొని ఊరూర తిరిగి అమ్ము స్త్రీ పడవ యెక్కదు గనుక ఆ పట్టికకు ఎక్కదు. వేట లేనప్పుడు ఆమె గంపయు ఖాళీయే.

పనిరూపమున వచ్చిన సొమ్ము మాత్రము వేఱు. ఉపాధిహామీ చట్టము 2005లో చేయబడి, 2006 ఫిబ్రవరి 2వ తేదీన మన తెలుగునాటనే, అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైనది. దానికి పట్టా అక్కఱలేదు, కులము అక్కఱలేదు. పలుగు పాఱ పట్టగలవాడు అడిగినచో పని యీయవలయును. 2020లో మన రాష్ట్రమున దినకూలి గరిష్ఠముగ 237 రూపాయలు. అదియు చేసిన పని కొలతనుబట్టి. కాలువల పూడిక తీయుటకు మా యూరినుండి ఆ వేసవిలో, అంతకుమున్ను ఎన్నడును పాఱపట్టని చదువుకొన్న కుఱ్ఱవాండ్రు కూడ పోయిరి. నెల్లూరిలో, చెన్నపట్టణములో పనులు పోయి వచ్చినవారు వారు. తానే వచ్చి యెండలో నిలుచువాడు అక్కఱ గలవాడే యగును గనుక, ఎవరికి ఇయ్యవలయునను చిక్కు ఆ పథకమున చాలవఱకు తీఱినది. నడుమ మస్తరులలో లేనివారి పేర్లు వ్రాయుట మొదలగు మోసములు లేకపోలేదు. వానిని పట్టుటకే మన రాష్ట్రమున సామాజిక తనిఖీ యను పద్ధతి దేశమునకు దారిచూపునట్లు నడచినది. తనిఖీవారు ఇల్లిల్లు తిరిగి నీ పేర ఇన్ని దినములు వ్రాసియున్నది, నీవు పోతివా యని యడిగి, ఆ జవాబులను బహిరంగసభలో చదివెడివారు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టమునకు మాఱుగ మఱియొక చట్టమును చేసినది. అందు దినములు 100 నుండి 125 చేసిరి. పూర్వము కూలి యంతయు కేంద్రమే భరించెడిది. క్రొత్త చట్టమున మనవంటి రాష్ట్రములు వ్యయములో నూటికి నలుబది పెట్టుకొనవలయును. రాష్ట్రపు బొక్కసము తడిసియుండినగాని పిల్లకాలువలో నీరు రాదన్నమాట. కోతలు, నాట్లు ముమ్మరముగ నుండు దినములలో పనులు ఆపుటకును అందు వీలు కల్పించిరి. మాగాణి రైతుకు ఇది నచ్చును. కూలివానికి నచ్చునా యని వానినే యడుగవలయును.

ఇంత చెప్పి, పెద్దలు చేయదగినదేమో చెప్పకపోవుట న్యాయము కాదు. లబ్ధిదారుల పట్టికలను సచివాలయమున గోడకు అంటింతురు. మనము ప్రక్కనుండియే పోవుదుము. మన యింటివారి పేరున్నదా యని మాత్రము చూతుము. చదువు రానివారికి దానిని చదివి వినిపించువాడు ఊరికొకడు కావలయును. గ్రామసభలో పట్టిక చదువుమని యడుగు హక్కు మనకు కలదు. చదువనన్నచో 2005నాటి సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయలలోపు ఖర్చుతో ఒక అర్జీ వ్రాయవచ్చును. అర్జీ వ్రాయుట మీవంటి చదువరులకు అరగంట పని. పంట నమోదు ముగియుటకు ముందు రైతుసేవా కేంద్రమునకు పోయి, మీ పొలమునకు ఎదురుగ సాగుదారుడని యెవరి పేరున్నదో చూడుడు. అచ్చట మీ పేరుండి, పొలములో మఱియొకడున్నచో, ఏమి చేయవలయునో నేను చెప్పనక్కఱలేదు.

ఆ పెద్దాయనకు జవాబు చెప్పుటకు ఇద్దఱమును కాగితము తీసికొని కూర్చుంటిమి. రాష్ట్రము పంపినది వేయి. కోడలి జనధన ఖాతాకు మూడు నెలలకు పదునైదు వందలు. నెలకు ఇరువదియైదు కిలోల ఉచితబియ్యము, కిలో పప్పు. కొడుకు, కోడలు కలిసి నలుబది దినములు పూడికపనికి పోగా వచ్చిన కూలి తొమ్మిదివేలకు లోపు. కూలిని సహాయమనవచ్చునా యని యాయన యడిగెను. చెమటోడ్చినదానిని సహాయమనరాదని నేనంటిని. దానిని కొట్టివేసితిమి. మిగిలినది రెండువేల యైదువందలును, బియ్యమును. ఆయన కాగితమువంక చాలసేపు చూచి, "బియ్యం మాత్రం నిజంగా ఆదుకునిందయ్యా" అనెను. నా పేర వచ్చినవాని మాట ఆయన యెత్తలేదు. ఆయనకు తెలియును, ఊరిలో ఎవరికేమి పడినది దాగదు.

మఱునాడు నేను ఆ కౌలుపత్రమును వెదకి తీసితిని. గడువు దాటిపోయినది. క్రొత్తది తెమ్మంటిని. తెచ్చినాడు. సంతకము పెట్టితిని. పదునొకండు నెలలకే అది చెల్లును గనుక ఏటేట పెట్టవలయును. ఈ యేటి పత్రముకూడ ఆయన కుమారుడు మొన్న నా బల్లమీద పెట్టి పోయినాడు. ఇంటికి పోగానే దానిపని చూడవలయును.